మసి ఎవరిది? అగ్నిదగ్ధ శిలాకట్టడాల శుద్ధి: ఒక నైతిక విచారణ

2019 ఏప్రిల్ 15న పారిస్‌లోని నోత్రదామ్ కేథడ్రల్ పైకప్పు దగ్ధమైంది. పందొమ్మిదో శతాబ్దంలో వియొలె-ల-ద్యూక్ రూపకల్పన చేసిన శిఖరం కూలి, రాతి కమానుకప్పును ఛేదించుకొని లోపల పడింది. కప్పుమీది సీసపు రేకులు కరిగాయి. సీసపు ధూళి గోడలపై పేరుకుంది. 2024 డిసెంబరులో చర్చి తిరిగి తెరుచుకున్నప్పుడు సందర్శకులను ముందుగా ఆకర్షించింది గోడల తెల్లదనం. అంతటి తెలుపును నేడు జీవించి ఉన్నవారెవరూ అక్కడ చూసి ఉండరు.

మొదట ధూళిని యంత్రాలతో పీల్చివేశారు. ఆపై రాతిమీద లేటెక్స్ లేపనం పట్టించి, ఆరిన తరువాత పొరగా ఊడదీశారు. ఇసుకను వేగంగా చిమ్మే పద్ధతితో పోలిస్తే సున్నపురాతికి ఇది మృదువైన చికిత్స. అయితే ప్రమాదంలో చేరిన సీసమేదో, తరతరాల కొవ్వొత్తుల మసి ఏదో ఆ పొరకు తెలియదు. రెండూ కలిసే పోయాయి.

సీసం విషం. అక్కడ పనిచేసేవారి, ప్రార్థించేవారి దేహాలకు హాని ఉన్నంతవరకు శుద్ధిని కాదనడం కుదరదు. 1849లో పునరుద్ధరణను వినాశంగానే పరిగణించిన రస్కిన్ వాదం ఈ చోట నిలవదు. కాని శుద్ధి అవసరమని అంగీకరించడం వేరు, దాని ఫలితాన్ని మూలరూపమని పిలవడం వేరు. కట్టడానికి అన్ని కాలాలు చేర్చిన అంశాలనూ గౌరవించాలని 1964 నాటి వెనిస్ ప్రకటన కోరింది. మసిని ఎవరూ ఉద్దేశించి చేర్చలేదన్నది నిజమే. అయినా బిషప్పుల పేర్లు, రాజుల పేర్లు గ్రంథాలకెక్కాయి. కొవ్వొత్తి వెలిగించి వెళ్లిన సామాన్యులు ఆ గోడలపై మిగిల్చిన జాడ బహుశా అదొక్కటే.

పాఠపరిష్కర్త తాను తోసిపుచ్చిన పాఠాంతరాన్ని పుట అడుగున చూపుతాడు. తరువాతి పండితుడు విభేదించడానికి అక్కడ చోటుంటుంది. రాతికి అధోజ్ఞాపిక లేదు. అందుకే కొందరు పరిరక్షకులు గోడలో ఒక చిన్న భాగాన్ని శుద్ధి చేయకుండా సాక్ష్యంగా విడిచిపెడతారు. చేతికందని ఎత్తున, ధూళిని మాత్రం పీల్చివేసి అలా వదిలితే ఆరోగ్యానికీ చరిత్రకూ ఏకకాలంలో న్యాయం జరిగే వీలుంది.

వేడికి ఎర్రబారిన రాయి సమస్య ఇంకొకటి. ఇనుము కలిసిన సున్నపురాయి సుమారు 250–300 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎరుపు తిరుగుతుంది. ఇది పైపూత కాదు, రాతిలోనే జరిగిన మార్పు. తుడిస్తే పోదు, చెక్కివేయాలి లేదా రాయినే మార్చాలి. వేడి ఎంత లోతుకు దిగిందో ఆ ఎరుపే కొంతవరకు చెబుతుంది. రాయి బలహీనపడితే మార్చక తప్పదు. భారం మోయగలదని పరీక్షలో తేలిన రాతిని పక్కరాతి రంగుతో కలవదన్న కారణంతో తొలగిస్తే మాత్రం, ఆ నిర్ణయానికి భద్రత పేరు పెట్టకూడదు.