గుడి రాజుదైతే పుణ్యమెవరిది?

1973లో ఏ.పి. నాగరాజన్ తీసిన ‘రాజరాజ చోళన్’ తమిళంలో తొలి సినిమాస్కోప్ చిత్రం. రాజరాజుగా శివాజీ గణేశన్ నిలబడితే అంత పెద్ద తెరా చిన్నబోతుంది. వేంగి విమలాదిత్యుడికి రాజకుమారి కుందవ్వనివ్వడం కథలో ఒక పాయ అయితే, తంజావూరు పెద్దగుడి రాజు కీర్తికి గుర్తు. గుడి అంత గొప్పదైతే కట్టించినవాడూ అంత గొప్ప భక్తుడై ఉండాలన్న నమ్మకం ప్రేక్షకుడిలో సహజంగానే బలపడుతుంది. చిత్రమేమంటే, ఆ లెక్కను శైవమే ఒప్పుకోలేదు.

తమిళ శివభక్తుల కథలు చెప్పే పెరియపురాణంలో పూసలార్ కథ ఉంది. తిరునిన్రవూరుకు చెందిన ఈ పేద భక్తుడు చేతిలో కాసు లేక మనసులోనే పునాది తీసి, గోపురమెత్తి, ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టుకున్నాడు. అదే రోజున కంచిలో పల్లవరాజు రాతిగుడికి ప్రతిష్ఠ. శివుడు రాజుకు కలలో కనిపించి, రేపు పూసలార్ గుడికి వెళ్తున్నాను, నీది వాయిదా వేసుకో అన్నాడు. రాజు వెతుక్కుంటూ వెళ్లి ఆ పేదవాడికి మొక్కాడు. ఇది రాజులంటే గిట్టనివాడి రాత కాదు. రాసిన సేక్కిళార్ చోళ కొలువులో మంత్రి. ఆయన్ను ఆదరించిన రెండో కులోత్తుంగుడు విమలాదిత్య కుందవ్వల వంశంలోనివాడే. వారి కొడుకు, నన్నయను పోషించిన రాజరాజనరేంద్రుడికి మునిమనవడు. గుళ్లు కట్టే వంశం నీడలో కూర్చునే, దేవుడు రాజు గుడిని రెండోదిగా చూశాడని రాయగలిగాడాయన.

రాజు లేకపోతే రాయి లేచేదా, శివుడి మీది తేవారం పాటలు మిగిలేవా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చెదలు తింటున్న తాటాకుల్ని చిదంబరంలో వెలికి తీయించింది రాజరాజేనని సంప్రదాయం చెబుతుంది. ఆ పాటలు పాడేందుకు తంజావూరులో 48 మందిని నియమించినట్టు శాసనమే ఉంది. మేలు జరిగింది, కాదనను. కానీ జరిగిన మేలు వేరు, చేసినవాడి భక్తి వేరు. చేర పాండ్యుల్ని ఓడించి తెచ్చిన ధనం, లంకలోని ఊళ్ల రాబడి కూడా ఆ గుడికి చేరాయి. ఆ ఊళ్ల రైతులను ఇస్తారా అని ఎవరూ అడగలేదు. గెలిచిన సొమ్ము రాజుదేనన్నది ఆనాటి ధర్మం అంటే, సరే. పల్లవరాజూ ఆ ధర్మం తప్పినట్టు కథ చెప్పదు. అయినా శివుడు ముందు వెళ్లింది పూసలార్ దగ్గరికే.

రాజరాజు మాత్రం తన పేరొక్కటే చెక్కించుకోలేదు. తానిచ్చినవి, అక్క ఇచ్చినవి, రాణులిచ్చినవి, ఇతరులిచ్చినవి అన్నీ గుడి విమానం రాళ్ల మీద రాయమన్నాడు. 400 మంది నర్తకీమణుల పేర్లున్నాయి: ఎవరు ఏ గుడి నుంచి వచ్చారు, ఏ వీధిలో ఎన్నో ఇల్లు అన్న వివరాలతో సహా. శాసనాలూ రాజు గొప్పలే కదా అంటారేమో. గొప్పలకు నర్తకి ఇంటి వరస అక్కర్లేదు. సినిమాకు ఒక్క హీరో సరిపోయాడు, రాజరాజు గోడకు సరిపోలేదు.