మీ సంఘానికి ఒక నోటు పుస్తకం

అబ్బాయిలూ, అమ్మాయిలూ,

నిమజ్జనం అయిన మూడో రోజు సాయంత్రం మీరు నలుగురూ వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. చందాల లెక్క తేలాక పదకొండు వేల చిల్లర మిగిలిందన్నారు. దాన్ని వచ్చే ఏడాది మైకుసెట్టుకి దాచిపెట్టకుండా ఊరికి పనికొచ్చేది ఏదైనా చెయ్యాలనుంది, ఏం చేద్దాం చెప్పండి మాస్టారూ అని అడిగారు. ఆ మాటకే నా కడుపు నిండింది. అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పడం ఇష్టం లేక ఆలోచించి రాసిస్తానన్నాను. ఇదిగో, రాశాను. కాస్త పొడుగైంది. అందరూ ఒకచోట కూర్చుని ఒకరు చదవండి, మిగతావాళ్ళు వినండి.

ముందు మీ జాబితా సంగతి. ఫోన్లో చూపించారు కదా, మొక్కలు నాటడం, రక్తదాన శిబిరం, వృద్ధాశ్రమంలో పండ్ల పంపిణీ, దుప్పట్లు, వీధులు ఊడవడం. ఒక్కదాన్నీ కాదనను. కానీ అన్నీ ఒక్కరోజులో అయిపోయే పనులే, గమనించారా? పొద్దున బ్యానరు కడితే సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. అవతలివాళ్ళ అవసరం ఒక్కరోజుతో తీరేది కాదే! ఆగస్టు పదిహేనున వృద్ధాశ్రమానికి నాలుగు సంఘాలవాళ్ళు అరటిపళ్ళు తెస్తారు. ఆ తర్వాత నెలల తరబడి అక్కడి ముసలాయన గేటు వైపు చూస్తూ కూర్చుంటాడు.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేను పనిచేసిన ఊళ్ళో, శ్రావణమాసంలో పిల్లల్ని వెంటబెట్టుకుని డొంక రోడ్డు పొడుగునా మూడొందల మొక్కలు నాటించాను. అందరం చేతులు కడుక్కుని సంతోషంగా ఇళ్ళకి వెళ్ళాం. నీళ్ళు ఎవరు పోస్తారు, మేకలు ఏ దారిన వస్తాయి అని ఎవరినీ అడగలేదు. సంక్రాంతి నాటికి లెక్క చూసుకుంటే పదకొండు మిగిలాయి. ఆ పదకొండూ ఎక్కడ బతికాయో తెలుసా? ఇళ్ళ వెనక, అంట్లు తోమిన నీళ్ళు పారే చోట. నాటే ముందు ఆ ఇళ్ళ ఆడవాళ్ళని పదిమందిని అడిగుంటే, తడి ఎక్కడ నిలుస్తుందో వేలుపెట్టి చూపించేవాళ్ళు. పిల్లల కష్టం అంతా ఎండిపోయేది కాదు. ఇప్పటికీ ఆ డొంక గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

అందుకే మీ డబ్బులో మొదటి యాభై రూపాయలు పెట్టి ఒక లాంగ్ నోటు పుస్తకం కొనండి. రెండు ఆదివారాలు ఊరంతా తిరగండి. మీకేం కావాలని మాత్రం అడగొద్దు. అలా అడిగితే రోడ్డు, కుళాయి, డ్రైనేజీ అంటారు. అవి పంచాయతీ పనులు, మీ చేతిలో లేనివి. ఇలా అడగండి: "ఈ మధ్య ఏ పనికి ఎవరి కాళ్ళావేళ్ళా పడాల్సొచ్చింది?" జవాబు మొదట్లో తడబడుతూ వస్తుంది. ఆగండి, తొందరపెట్టకండి. చెప్పింది చెప్పినట్టు రాయండి. ఆడపిల్లలు లేకుండా ఈ పనికి బయల్దేరొద్దు. వంటింటి గడప దగ్గర చెప్పే మాటలు మగపిల్లలకి చెప్పరు. ఇంకోటి, కాలువ అవతల కాలనీ పిల్లలు మీ సంఘంలో ఎంతమంది ఉన్నారు? మొన్న వచ్చిన నలుగురిలో ఒక్కరూ లేరు. పని మొదలుపెట్టాక పిలుద్దాంలే అనుకోకండి, ఇప్పుడే పిలవండి, పక్కన కూర్చోబెట్టుకోండి. ఊరంటే వాళ్ళు కూడా.

ఇలాంటి పనులు పెద్దవాళ్ళకీ డబ్బున్నవాళ్ళకీ గానీ సాగవనుకుంటారేమో. వేటపాలెం సారస్వత నికేతనం పేరు విన్నారు కదా. చీరాల పక్కనే, మగ్గాల ఊరు. 1918లో అక్కడ ఒక యువజన సంఘం వాళ్ళు చిన్న గ్రంథాలయంగా దాన్ని మొదలుపెట్టారు. 1929లో దాని భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు. నూరేళ్ళు దాటింది. పాత పత్రికలు చూడాలంటే పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. అంత దూరం ఎందుకు, మన ప్రాంతపు కాలువ మీదే, కొల్లూరు పెదవడ్లపూడి మధ్య, 1935లో పాతూరి నాగభూషణంగారు పుస్తకాల పడవ నడిపించారు. చదివేవాళ్ళు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే వాళ్ళ రేవుకి వెళ్ళింది. అవసరం ఉన్న మనిషి ఇంటి గడప దాకా పని నడిచి వెళ్ళాలన్న ఆలోచన నాకు ఆ పడవ దగ్గరే దొరికింది.

మీరు నోటు పుస్తకంతో తిరిగితే అందులోకి ఏమేం వస్తాయో నాకు కొంత తెలుసు. అరుగు మీద కూర్చునే ముసలివాడి దగ్గరికి ఊరి బాధలన్నీ వస్తాయి మరి. నా ఉద్దేశంలో అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది కాగితం పని.

పోయిన నెల నా పనిమీద బ్యాంకు మిత్ర దగ్గరికి వెళ్ళాను. నా ముందు ఒక పెద్దావిడ ఉంది. పథకం డబ్బు ఖాతాలో పడిందట, వెయ్యి రూపాయలు తీసుకోవాలి. మిషను మీద బొటనవేలు పెట్టింది, పడలేదు. "మళ్ళీ పెట్టమ్మా" అన్నాడా కుర్రాడు. చీర కొంగుకి తుడుచుకుని పెట్టింది, పడలేదు. తలకి రాసుకుని ఆ జిడ్డుతో పెట్టింది. చూపుడువేలు పెట్టింది. పదివేళ్ళూ అయ్యాయి. నలభయ్యేళ్ళు నాట్లు వేసి, మిరపకాయలు కోసి, ఆ వేళ్ళ మీద గీతలు మిగిలితేగా! ఆ కుర్రాడి తప్పు లేదు, వెనక పదిమంది ఉన్నారు. ఆవిడ పక్కకి జరిగి, తన వేళ్ళని తనే తిప్పి తిప్పి చూసుకుంది. పని చేసిన వేళ్ళు చూసుకుని మనిషి సిగ్గుపడటం నేను అక్కడే చూశాను, పిల్లలూ. బ్యాంకు శాఖకి తీసుకెళ్ళి ఫారం నింపిస్తే పావుగంటలో డబ్బు చేతికొచ్చింది. అంతే పని. కానీ ఆ పావుగంట ఆవిడతో కలిసి నడిచేవాళ్ళు కావాలి.

మీలో డిగ్రీ చదివినవాళ్ళే ఆరుగురున్నారు. వారానికి ఒక సాయంత్రం, శనివారం అనుకోండి, ఐదింటి నుంచి ఏడింటి దాకా ఇద్దరు చొప్పున మా అరుగు మీద కూర్చోండి. బ్యాంకు ఫారాలు, ఆధార్‌లో తప్పుపడ్డ పేరు, పిల్లల స్కాలర్‌షిప్పు దరఖాస్తు, రిటైరైనవాళ్ళు ఏటా ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం, ఇలాంటివన్నీ వస్తాయి. ఆ పత్రం ఇప్పుడు ఫోన్ కెమెరాలో ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు. మంచాన పడ్డవాళ్ళ ఇంటికి మీరే ఫోను పట్టుకుని వెళ్ళొచ్చు.

దీనికి నేనొక కట్టుబాటు పెడుతున్నాను, జవదాటకండి. ఎవరి ఏటీఎం కార్డూ చేతిలోకి తీసుకోకండి. పిన్ను, ఓటీపీ చెప్పబోతే చెప్పనివ్వకండి, "అమ్మా, నాకు కూడా చెప్పకూడదు" అనండి. ఎవరి డబ్బూ ఒక్క గంటైనా మీ జేబులో ఉండకూడదు. టీ కూడా పుచ్చుకోవద్దు. ఎవరైనా ఫోన్ మోసంలో డబ్బు పోగొట్టుకుంటే సిగ్గుతో దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలని ప్రతి ఇంట్లోనూ చెప్పండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

రెండోది చెప్పాలంటే నా గొంతు కొంచెం పట్టేస్తుంది. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో ముగ్గురు పిల్లల పేర్లు హాజరు పట్టీలో ఎర్ర సిరాతో కొట్టేశాను. ముగ్గురూ నీళ్ళలో పోయినవాళ్ళే. ఒకడు నాలుగో తరగతి, లాకుల దగ్గర చెప్పు జారిపడిందని వంగాడు. మిగిలిన ఇద్దరూ అన్నదమ్ములు. తమ్ముణ్ణి తీయబోయి అన్న దిగాడు.

చుట్టూ కాలువలున్న ఊళ్ళో ఈత రాని పిల్లలు ఉండకూడదు. మా చిన్నప్పుడు ఎండిన సొరకాయ బుర్రలు నడుముకి కట్టి, మేనమామలు నీళ్ళలోకి తోసేవాళ్ళు. ఇప్పుడు ఆ మేనమామలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నారు, పిల్లలకి ఈత నేర్పేవాళ్ళు లేరు. నీళ్ళు మాత్రం అక్కడే ఉన్నాయి. వేసవి సెలవుల్లో ఊరి చెరువు పడమటి రేవు దగ్గర నడుములోతే ఉంటుంది. ఈత బాగా వచ్చినవాళ్ళు నలుగురు గట్టున, నలుగురు నీళ్ళలో ఉండి, ఒక విడతకి ఆరుగురికి మించకుండా నేర్పండి. కాలువకి నీళ్ళు వదిలేలోగా పిల్లలకి కనీసం వెల్లకిలా తేలడం, గట్టు దాకా రావడం వచ్చెయ్యాలి. ఆడపిల్లలకి వేరే వేళ పెట్టండి, మీ సంఘంలో ఈత వచ్చిన అమ్మాయిలే నేర్పాలి. తల్లిదండ్రుల్ని అడిగి, ఒప్పుకున్నాకే పిల్లల్ని నీళ్ళలోకి దింపండి.

మిగిలిన డబ్బులో రెండువేలు దీనికే ఖర్చుపెట్టండి. లాకుల దగ్గరా, చాకలి రేవు దగ్గరా, వంతెన దగ్గరా ఒక్కో గుంజ పాతి, గాలి నింపిన టైరు ట్యూబుకి మంచి నైలాన్ తాడు కట్టి వేలాడదీయండి. నెలకోసారి గాలి చూసుకోండి. ఎవరైనా పడితే వెంట దూకకూడదని, ముందు ట్యూబో తాడో విసరాలని, ఏదీ లేకపోతే గడకర్రో పంచో అందించాలని చిన్న పిల్లల దాకా నేర్పండి. బయటికి తీశాక తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చెయ్యకూడదు. వెంటనే ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి, ఊపిరి ఆడకపోతే ఇంకొకరు నోటితో ఊపిరి ఊది, గుండె మీద ఒత్తడం మొదలుపెట్టాలి. ఆ ఒత్తడం చదివితే రాదు, చేతికి రావాలి. ఆరోగ్య కేంద్రం డాక్టరుగారిని అడిగి ఒక పూట అందరూ నేర్చుకోండి.

ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినప్పుడు పాము కాటుకి విరుగుడు మందు అక్కడ ఉందో, లేకపోతే దగ్గరలో ఎక్కడ ఉంటుందో కూడా కనుక్కోండి. అర్ధరాత్రి ఎవరి కారు బయటికి వస్తుందో రెండు ఫోన్ నెంబర్లు పుస్తకంలో రాసుకోండి. గట్టిగా తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం వద్దని, కాలు కదపకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తేవాలని కూలికి వెళ్ళేవాళ్ళకి నాట్ల ముందే చెప్పాలి.

ఇక రక్తదానం. శిబిరం పెట్టొద్దనట్లేదు గానీ ఒక లెక్క వినండి. రక్తం ఇచ్చిన మగవాళ్ళు మూడు నెలలు, ఆడవాళ్ళు నాలుగు నెలలు మళ్ళీ ఇవ్వకూడదు. సేకరించిన రక్తం ఐదారు వారాలకి మించి నిలవ ఉండదు, ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే. నాయకుడి పుట్టినరోజున అరవైమంది ఒక్క పూటలో ఇచ్చేస్తే, రెండు నెలల తర్వాత కాన్పు కష్టమైన తల్లికి అడిగితే మీలో ఒక్కరూ ఇచ్చే స్థితిలో ఉండరు. వేసవిలో కాలేజీలకి సెలవులు కాబట్టి శిబిరాలు తగ్గుతాయి, రక్తనిధుల్లో కొరత వచ్చేది అప్పుడే. తలసేమియా ఉన్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వాళ్ళకి వేసవి సెలవులు లేవు.

అందుకని పద్దెనిమిదేళ్ళు దాటి, నలభై ఐదు కిలోలకి తగ్గని బరువుండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ పేరు, గ్రూపు, ఆఖరిసారి ఇచ్చిన తేదీ పుస్తకంలో వేసుకోండి. ఇరవై ఎనిమిదిమంది దొరికితే నెలకిద్దరు. ఏప్రిల్, మే నెలలకి మాత్రం నలుగురేసి పెట్టుకోండి. ఎవరి నెలలో వాళ్ళు బస్సెక్కి వెళ్ళి ఇచ్చి వస్తారు. దీనికి బ్యానరు అక్కర్లేదు, బస్సు ఛార్జీ చాలు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి నాయనా. ఈ మూడింట్లో ఒకటి పట్టుకోండి. నన్నడిగితే శనివారం అరుగుతో మొదలుపెట్టమంటాను. అక్కడికి వచ్చే మనుషులే మిగతా పనులేమిటో చెబుతారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రిపూట అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్నారు. ఆ కూర్చోవడంలోనే తమ ఇళ్ళని ముంచుతున్నదేమిటో మాట్లాడుకున్నారు. ఆ మాటల నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం తెప్పించింది. పలకలు పంచినవాళ్ళు అంత దూరం ఊహించి ఉండరు.

లెక్క గురించి ఒక్కమాట. వచ్చింది, పోయింది రాసి నెలాఖరుకి రామాలయం గోడ మీద కాగితం అంటించండి, మూడు రూపాయలైనా సరే. సంఘాలు విడిపోయేది చాలావరకు ఇక్కడే. ఎన్నికలొచ్చినప్పుడు మీ చొక్కాలు కుట్టిస్తామని రెండు పార్టీలవాళ్ళూ వస్తారు, మర్యాదగా దండం పెట్టి పంపించండి. మధ్యలో కొందరికి ఉద్యోగాలొస్తాయి, పెళ్ళిళ్ళవుతాయి, వెళ్ళిపోతారు. నొచ్చుకోకండి. వెళ్ళేవాళ్ళు తమ పని ఇంకొకరికి నేర్పి, పుస్తకం చేతికిచ్చి వెళ్ళాలి. ఎవరూ రాని శనివారాలు కూడా ఉంటాయి. ఆ రెండు గంటలూ మాత్రం అరుగు మీద ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఒక్కవారం ఖాళీ అరుగు చూసి వెనక్కి వెళ్ళిన ముసలమ్మ మళ్ళీ రాదు.

వచ్చే శనివారం ఐదింటికి అరుగు కడిగించి, చాప పరిచి ఉంచుతాను. పుస్తకం మీరు తెండి. మొదటి పేజీలో రాయడానికి ఒక పేరు నా దగ్గరుంది. ఆ పదివేళ్ళ పెద్దావిడ, వేపచెట్టు వీధి చివరి ఇల్లు. ఆధార్‌లో వేలిముద్రలు మళ్ళీ నమోదు చేయించాలి, పడకపోతే కంటిపాపతో పనయ్యే చోటు ఎక్కడుందో కనుక్కోవాలి. మీలో ఒకరు బండి మీద తీసుకెళ్ళి, పని అయ్యేదాకా ఆవిడ పక్కన ఉండండి. శనివారం మిమ్మల్ని తీసుకొస్తానని ఆవిడకి చెప్పేశాను.