పొగమంచులో త్రోవ

స్కాట్లండులోని 1,245 మీటర్ల కెయిర్న్‌గార్మ్ శిఖరము నుండి 1,309 మీటర్ల బెన్ మక్‌డూయీ శిఖరమునకు పోయి ఒక్క దినములో తిరిగి రావచ్చును. రెంటి మధ్య విశాలమైన రాతి పీఠభూమి కలదు. దాని అంచున నిలువైన కొండచరియలున్నవి. పొగమంచు క్రమ్మినప్పుడు త్రోవయు కానరాదు, అంచును కానరాదు.

అట్టి వేళ నడచువాడు దేనిని నమ్మవలెను? తన మనస్సునా, చేతిలోని దిక్సూచినా? మనస్సు నిశ్చయముగానే పలుకును. అయినను గురుతులు లేని చోట, తిన్నగా పోవుచున్నానని తలంచువాడు తెలియకయే చుట్టు తిరిగి వచ్చును. భయము తోడైనచో చెప్పనక్కరలేదు. రసాయన శాస్త్రజ్ఞుడును, ఆరితేరిన పర్వతారోహకుడునగు నార్మన్ కోలీ 1891లో పొగమంచునందు ఒంటరిగా బెన్ మక్‌డూయీ దిగుచు, వెనుక ఎవరో పెద్ద అంగలతో వచ్చుచున్నట్లు సవ్వడి విని, మైళ్ల దూరము పరుగెత్తెను. ఈ సంగతి 1925లో కెయిర్న్‌గార్మ్ క్లబ్బు సభలో ఆయనయే చెప్పెను. విద్వాంసుని మనస్సే అట్లు కలత చెందగా ఇతరుల మాట యేమి?

అయితే దిక్సూచిని నమ్ముట గ్రుడ్డి నమ్మకమేనా? కాదు. గ్రుడ్డి నమ్మకము పరీక్షకు వెరచును. వివేకియైన బాటసారి పటము చూచి దిశను నిర్ణయించుకొనును. అడుగులు లెక్కించుచు, చేరవలసిన గురుతును చేరితినా యని సరిచూచుకొనును. చేరనియెడల వెనుదిరుగుటకు సిగ్గుపడడు. ముల్లు చెంత ఇనుమున్నచో అది ప్రక్కకు తిరుగునని యెరిగి, తన చాకును దూరముగా నుంచును. మన కోరికలును, అహంభావమును అట్టి యినుమే.

వెలుగులో పరీక్షించి తెలిసికొనిన సత్యమును, ఏమియు కానరాని గడియలో భయమునకు లోబడి విడిచిపెట్టకుండుటయే విశ్వాసము.