నొప్పి మాట ప్రమాణమేనా?

అరచెయ్యి ఆనించి కిందపడ్డ మనిషికి మణికట్టు నొప్పి. క్యాజువాలిటీలో ఎక్స్‌రే తీస్తే ఫిల్ములో విరుపేమీ కనబడదు. ఎముక బాగానే ఉంది, బెణుకే అని పంపేయడం ఎంత తేలికో అంత ప్రమాదం. బొటనవేలిని వెనక్కి చాపితే దాని మొదట్లో రెండు స్నాయువుల మధ్య చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో నొక్కినప్పుడు మనిషి అబ్బా అని చెయ్యి లాక్కుంటే, ఫిల్ము ఏమన్నా సరే, లోపలున్న స్కాఫాయిడ్ ఎముక విరిగిందనే అనుకుని కట్టు వెయ్యాలి, 10 నుంచి 14 రోజుల్లో మళ్లీ ఫిల్ము తీయాలి అన్నది ఎముకల వైద్యంలో స్థిరపడ్డ పద్ధతి. ఆ చిన్న ఎముకకు నెత్తురు ఎక్కువగా వేళ్ల వైపు నుంచి అందుతుంది. విరుపును వదిలేస్తే ముంజేతి వైపు ముక్క చచ్చుబడిపోవచ్చు. ఈ పద్ధతిలో ఒక తాత్త్విక నిర్ణయం దాగి ఉంది. యంత్రానికి కనబడనిది ఉందని, గాయపడ్డవాడి నొప్పిని ఆధారం చేసుకుని ఒప్పుకుంటున్నాం. అలా ఒప్పుకోవడం సబబేనా? దయ తలచి ఒప్పుకునే విషయం కాదిది, జ్ఞానానికి సంబంధించిన న్యాయం ప్రకారమే ఒప్పుకోవాలని నేను అంటాను.

కనబడనిది లేదు అనే వాదం చార్వాకుల నుంచీ ఉన్నదే. మిగిలిన దర్శనాలవాళ్లు దాన్ని ఊరికే కొట్టిపారేయలేదు. ఒక వస్తువు లేదని మనకు ఎలా తెలుస్తుందన్న ప్రశ్న మీద తరాల తరబడి తర్కించారు. కుమారిలభట్టు సంప్రదాయం వారూ అద్వైతులూ అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, ప్రత్యేక ప్రమాణంగానే అంగీకరించారు. కాకపోతే దానికి గట్టి షరతు పెట్టారు: ఆ వస్తువు ఉండి ఉంటే కనబడి తీరాల్సిన పరిస్థితి కావాలి. దీపం వెలుగుతున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ తేలలేదు. ఎక్స్‌రే గదిలో ఈ షరతును మరిచిపోవడమే అసలు పొరపాటు. స్కాఫాయిడ్‌లో సన్నని విరుపు మొదటిరోజు ఫిల్ముకు అందేది కాకపోవచ్చు. బాత్రూములో జారిపడ్డ ముసలావిడ తుంటి విరుపు కూడా ఒక్కోసారి అంతే. అడుగు వెయ్యలేనంటుంది, ఫిల్ము శుభ్రంగా ఉంటుంది, ఎమ్మారై తీస్తే విరుపు బయటపడుతుంది. అలాంటి చోట ఫిల్ము విరుపు లేదని చెప్పడం లేదు, తనకు తెలియదని చెబుతోంది.

మరి ఉందని చెప్పేది ఎవరు? నైయాయికుల లెక్కలో సుఖదుఃఖాలు మనసుకు నేరుగా అందే విషయాలు. నా నొప్పి నాకు ప్రత్యక్షం. మీకు అనుమానంతోనో, అంటే గుర్తుల నుంచి తర్కించో, నా మాటతోనో తెలియాలి. మాట నమ్మదగిన ఆప్తుడంటే ఎవరో చెబుతూ న్యాయభాష్యం రాసిన వాత్స్యాయనుడు, విషయాన్ని సాక్షాత్తూ ఎరిగి, దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలనుకునేవాడు అన్నాడు. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమని కూడా చేర్చాడు. ఎంత గొప్ప మాట! తాపీ పని చేస్తూ పరంజా మీద నుంచి పడ్డ కూలీ తన కాలి విషయంలో ఆప్తుడే. అతనికి చదువు లేకపోవడం అతని సాక్ష్యాన్ని తగ్గించదు.

ఈ సాక్ష్యం విలువ అన్నిటికంటే ఎక్కువగా తెలిసేది మోకాలి కింది ఎముక విరిగినప్పుడు. అక్కడి కండరాలు సాగని పొరల సంచుల్లో బిగించి ఉంటాయి. లోపల నెత్తురూ వాపూ చేరితే ఒత్తిడి పెరిగి సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి, కండరం ఊపిరాడక చస్తుంది. సుమారు 6 గంటలు గడిస్తే ఆ నష్టం చాలావరకు పూడదు. అయినా పాదం మీద నాడి కొట్టుకుంటూనే ఉండొచ్చు, వేళ్లు వెచ్చగానే ఉండొచ్చు. పెద్ద ధమనిని మూసేంత ఒత్తిడి ఇంకా రాలేదు కాబట్టి చూసేవాళ్లకు అంతా బాగానే కనబడుతుంది. ముందుగా మాట్లాడేది నొప్పి ఒక్కటే: కట్టు వేశాక, మందు ఇచ్చాక కూడా పెరుగుతూ పోయే నొప్పి, కాలి బొటనవేలిని వేరొకరు మెల్లగా వంచినా కేక పెట్టించే నొప్పి. తిమ్మిరి, వేళ్లు కదలకపోవడం, పాలిపోవడం తరవాత వస్తాయి, అప్పటికి ఆలస్యమైపోతుంది. 1881లో జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫోన్ వోల్క్‌మన్, బిగుతు కట్ల తరవాత చేతులు పక్షి గోళ్లలా ముడుచుకుపోవడానికి కారణం నెత్తురు అందకపోవడమేనని రాశాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే సుశ్రుత సంహిత హెచ్చరించింది: కట్టు వదులైతే కీలు నిలవదు, బిగిస్తే వాపు, నొప్పి, చీము. అందుకే చలికాలంలో 7 రోజులకు, ఎండాకాలంలో 3 రోజులకు కట్టు మార్చమంది. వెదురు బద్దలతో వేసే నాటు కట్టయినా, ఆసుపత్రి పిండికట్టయినా ఈ ప్రమాదం ఒక్కటే. బిగిస్తేనే అతుక్కుంటుంది, ఓర్చుకో అనే మాట మాత్రం రెండు చోట్లా వినబడుతూనే ఉంది.

నొప్పిని మనుషులు పెంచి చెబుతారు, అందరినీ నమ్మితే ఆసుపత్రి నడుస్తుందా అని అడగవచ్చు. నమ్మడమంటే వెంటనే కత్తి పట్టడం కాదు. కట్టును, లోపలి దూదితో సహా, చర్మం కనబడేదాకా విప్పడం, కాలిని గుండె ఎత్తున ఉంచడం, సర్జన్‌ని పిలవడం, గంట ఆగి మళ్లీ చూడడం. సాక్షిని నమ్మినవాడే సాక్షిని సరిగ్గా ప్రశ్నిస్తాడు కూడా. కెనడాలో 1992లో అచ్చయిన ఒటావా చీలమండ సూత్రాలు ఇదే చేశాయి: చీలమండ ఎముకల మీద ఫలానా చోట నొక్కితే నొప్పి ఉందా, నాలుగడుగులు వెయ్యగలడా అని చూసి, రెండూ బాగుంటే ఎక్స్‌రే అక్కర్లేదంటాయి. రోగి నొప్పిని పద్ధతిగా విన్నందువల్ల అనవసరపు ఎక్స్‌రేలు తగ్గాయి.

ఇంకో అభ్యంతరం ధర్మం వైపు నుంచి వస్తుంది. బాధను సహించమని గీత చెప్పింది కదా, కర్మ అనుభవించక తప్పదు కదా అని. తితిక్ష, అంటే ఆ ఓర్పు, నిజంగా గొప్ప సాధనే. కానీ అది ఎవరికి వారు తమ బాధ విషయంలో చేసుకునేది. పక్క మంచం మీదున్నవాడికి తితిక్ష బోధించి తన పని తప్పించుకునే వైద్యుడికి గీతలో చోటు లేదు. అర్జునుడికి కూడా ఆ మాట చెప్పింది లేచి తన పని చెయ్యడానికే.

గట్టి అభ్యంతరం మూడోది. స్పృహ లేనివాడు, పసిపిల్ల, షుగరుతో పాదాల స్పర్శ పోయినవాడు ఏం చెప్పగలరు? షుగరు రోగి పాదంలో ఎముకలు విరిగి కూలిపోతున్నా అతను దాని మీదే నడుస్తుంటాడు. ఇక్కడ మళ్లీ కుమారిలుడి షరతే: నొప్పి తెలిసే స్థితి లేనప్పుడు నొప్పి లేదనడం దేనికీ ప్రమాణం కాదు. ఎర్రబడి వేడెక్కిన పాదాన్ని చూసి అనుమానించాల్సిందే. స్పృహ లేనివాడి కాలిలోకి సూది గుచ్చి ఒత్తిడి కొలుస్తారు. రక్తపోటులో కింది అంకెకూ ఆ ఒత్తిడికీ తేడా 30 కంటే తగ్గితే పొరను కోసి కండరాన్ని విడిపించాలి. సాక్షి మాట్లాడలేని చోట ఆ అంకె అతని తరఫున మాట్లాడుతుంది. స్పృహలో ఉండి కేకలు పెడుతున్నవాడి మంచం దగ్గర మాత్రం, అంకె ఇంకా ఫరవాలేదంటూ అతని మాటను పక్కన పెట్టే హక్కు ఆ సూదికి లేదు.