ఎవరి బలము?



ఫిలిప్పీ పట్టణమును గూర్చి మన సంఘములలో ఎన్ని ప్రసంగములు విన్నామో లెక్కలేదు. బాప్తిస్మపు ఆరాధన రోజున చెరసాల నాయకుడు తప్పక వస్తాడు. స్త్రీల సమాజపు కూటమిలో లూదియ వస్తుంది. వారిద్దరి నడుమ, అదే అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో, సోదె చెప్పి యజమానులకు డబ్బు తెచ్చిన ఒక పనిపిల్ల ఉన్నది. దయ్యము వదలినప్పుడు యజమానులు సంతోషించలేదు. రాబడి పోయిందని పౌలును సీలను పట్టుకొని అధికారుల యొద్దకు ఈడ్చుకొనిపోయారు. ఆ తరువాత ఆ పిల్ల ఏమైందో గ్రంథము చెప్పదు, మేమును ఏనాడు అడగలేదు.

ఇన్నేళ్లకు ఆ పిల్లను మాకు జ్ఞాపకము చేసినది హమీదా బాను కథ. 1940లలో, 50లలో గోదాలోకి దిగి మగవారితో కుస్తీ పట్టిన స్త్రీ ఆమె. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్‌లో పహిల్వానుల ఇంట పెరిగి, అలీగఢ్‌లో ఒక గురువు దగ్గర తర్ఫీదు పొందింది. తనను ఓడించినవానిని పెండ్లాడుతానని 1954లో సవాలు చేసింది. పటియాలా మల్లుడొకడు, కలకత్తా మల్లుడొకడు ఓడిపోయారు. మే నెలలో బరోడాలో పోటీకి రావలసిన మల్లుడు, ఆడదానితో పట్టనని తప్పుకొన్నాడు. అతనికి బదులు వచ్చిన బాబా పహిల్వానును 1 నిమిషము 34 సెకండ్లలో పడగొట్టింది. ఆమె తిండిని కూడ పత్రికలు లెక్కవేసి వ్రాశాయి: రోజుకు 5 లీటర్లు దాటిన పాలు, 6 గ్రుడ్లు, ఒక కోడి, రెండు పళ్లెముల బిర్యానీ, ఇంకను ఎన్నో. (పాల లెక్క మాత్రము మా ఇంటివారు నమ్మలేదు.)

గెలిచినా జనము ఊరుకోలేదు. కొల్హాపూరులో ఒక మగవానిని ఓడించినందుకు రాళ్లు రువ్వారు, పోలీసులు రావలసివచ్చింది. తన పోటీలను ఆపుచున్నారని ఆమె బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయ్‌కు మొరపెట్టుకొన్నది. స్త్రీ అయినందుకు కాదు, నిర్వాహకులు ఆమె మీదికి ఉత్తుత్తి మల్లులను దింపుచున్నారని ఫిర్యాదులు వచ్చినందుకు అని ఆయన జవాబు.

తరువాత యూరప్ వెళ్లి పోటీ చేస్తానన్నది. అంతటితో ఆమె పేరు పత్రికలలో కనబడలేదు. యూరప్ పోకుండ ఆ గురువే ఆమెను కొట్టి చేతులు విరగగొట్టాడని, ఆమెతో కడవరకు ఉన్న మనుమడు బి.బి.సి. వారితో చెప్పాడు. కాళ్లు కూడ విరిగినవని, ఏండ్ల తరబడి కర్ర లేనిదే నడవలేకపోయిందని ఇరుగుపొరుగు వారిలో ఒకరు అన్నారు. హమీదా తన తండ్రిని పెండ్లాడిందని గురువు కుమార్తె అంటుంది, మనుమడు కాదంటాడు. కల్యాణ్‌లో పాల వ్యాపారము చేసి, చేతిలో డబ్బు లేనప్పుడు ఇంట్లో చేసిన చిరుతిండ్లు రోడ్డు ప్రక్కన అమ్ముకొని, 1986లో కన్నుమూసింది. బొంబాయి నుండి షోలాపూరుకు ఆ కల్యాణ్ మీదుగానే మన కుటుంబములు ఎన్నిమార్లు ప్రయాణము చేసినవో! 2024 మే 4న గూగుల్ సంస్థ తన మొదటి పేజీలో ఆమె బొమ్మను పెట్టినప్పుడు గాని మాకు పేరైనా తెలియదు.

చేతులు విరగగొట్టుట పాపమని చెప్పుటకు వ్యాసము అక్కరలేదు. మాకు కష్టమనిపించిన ప్రశ్న దానికి ముందున్నది. నేర్పినవాడు ఆయనే గదా, ఆ బలములో ఆయన చెమట కూడ ఉన్నది గదా, మరి దానిమీద ఆయనకు ఏ హక్కూ లేదా? కృతజ్ఞతను ఆశించవచ్చునని మేమంటాము. అయితే వెళ్లిపోగలిగినవారు ఇచ్చినప్పుడే అది కృతజ్ఞత. వెళ్లనీయక పట్టుకొన్నది రాబడి మాత్రమే. యాకోబు వలన తనకు మేలు కలిగిందని లాబాను స్వయముగా ఒప్పుకొన్నాడు, ఒప్పుకొన్నాడు గనుకనే అతనిని పోనీయలేదు.

ఇది గోదా సంగతి మాత్రమేనా? మన సంఘములలో నర్సులున్నారు, టీచర్లున్నారు. జీతము వారిది, పాసుబుక్కు భర్త చేతిలోనిది. ఆదివారము కానుక వేయుటకు తన సొంత జీతములో నుండి పది రూపాయలు అడిగి తీసికొనే సహోదరి మాకు తెలుసు. నేను చదివించలేదా అని ఆ భర్త అంటాడు. చదివించిన మాట నిజమే.

ఒక్క భర్తలనే అనుట న్యాయము కాదు. మా సంఘపు డబ్బుతో హాస్టలులో ఉండి నర్సింగు చదివిన ఒక అమ్మాయి, దూరపు ఊరిలో మంచి ఉద్యోగము వచ్చిందని చెప్పుకొనుటకు వచ్చింది. ఇక్కడి ఆస్పత్రిలోనే చేయాలి, ఎవరి అన్నము తిన్నావో మరచిపోయావా అని పెద్దలమైన మేము అన్నాము. ఆమె ఏడ్చి, వెళ్లిపోయింది. ఆ రోజు మేము తప్పు మాటాడినామని మాకు తోచనేలేదు.

ఆమె ప్రతి క్రిస్మసుకు కానుక పంపుతూనే ఉన్నది. మేము రసీదు పంపుతూనే ఉన్నాము. ఈసారి రసీదుతో కూడ ఒక ఉత్తరము వ్రాయవలెనని పోయిన నెల పెద్దల కూటములో అనుకొన్నాము. ఎవరు వ్రాయవలెనో ఇంకా తేలలేదు.