నేర్పినదానికి లెక్క ఎక్కడ?

మా గూడెంలో బడి బట్టలు కుట్టే ఆడవాళ్లం తొమ్మిది మందిమి. మాలో ఒకరు బడిలో పాఠం చెబుతారు, మిగతావాళ్లు చేను పనికి, తునికాకుకు పోయేవాళ్లు. సాయంత్రం పొయ్యి పని అయ్యాక ఒక ఇంటి అరుగు మీద కూడుతాం. మిషన్లు నాలుగే. మిషను దొరకనివాళ్లం కాజాలు తీస్తాం, గుండీలు కుడతాం. ఆ అరుగు మీదే కిందటేడు మా మధ్య ఒక తగువు వచ్చింది. అది పూర్తిగా తీరిందని ఇప్పటికీ చెప్పలేం.

తెలంగాణలో సర్కారు బడి పిల్లల యూనిఫాంలు మహిళా సంఘాల చేత కుట్టిస్తున్నారు. 2024లో జతకు కుట్టుకూలి 50 రూపాయల నుంచి 75కు పెరిగింది. కూలి పెరిగాక లెక్క అడిగేవాళ్లూ పెరిగారు. వచ్చిన డబ్బు అందరం సమానంగా పంచుకోవాలా, ఎవరు కుట్టిన జతలకు వాళ్లు తీసుకోవాలా?

మాలో అందరికన్నా వేగంగా కుట్టేది ఒక చిన్న కోడలు. అప్పు చేసి మిషను కొన్నది. రాత్రి పది దాకా తొక్కుతుంది. "నా కాళ్ల నొప్పులు కూడా సమానంగా పంచుకుంటారా?" అని అడిగింది. నవ్వాం గాని, మా దగ్గర జవాబు లేదు.

ఇటు పక్క పెద్దవ్వ. చూపు మందగించింది, రోజుకు ఒక జత కూడా కాదు. కానీ మాకందరికీ కత్తెర పట్టడం నేర్పింది ఆమే. టేపు మీద అంకెలు చదవలేదు, దారానికి ముడులు వేసి కొలుస్తుంది. తాను పరిచి సుద్దతో గీసిందంటే పీలిక కూడా వృథా పోదు. మా కుట్టు వంకర పోతే తిట్టదు, పక్కన కూర్చుని తానే ఊడదీసి మళ్లీ చేతికిస్తుంది. తప్పు కింద ఎర్ర గీత పెట్టి నోటుబుక్కు విసిరేసే అలవాటున్న మా టీచరమ్మకు అది చూసి కొంచెం సిగ్గేసింది.

ఆదివాసులం కదా, సమానంగా పంచుకోవడమే మన పద్ధతి అని కొందరు తేలిగ్గా అనేస్తారు. అది సగమే నిజం. భూమి పండగ వేటలో దొరికింది వేటకు పోలేని ముసలివాళ్ల ఇంటికీ పోతుంది. ఇల్లు కప్పాలంటే ఊరంతా వస్తుంది. మరి తునికాకు? యాభై ఆకులు ఒక కట్ట, ఎవరి కట్టలు వాళ్లవే. కల్లం దగ్గర ఎవరూ పక్కవాళ్లకు కట్టలు ఇవ్వరు, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. అందుకే ఆచారం పేరు చెప్పి ఆ కోడలి నోరు మూయించడం న్యాయం కాదనిపించింది.

అయితే తునికాకు కట్టడం చిన్నప్పుడు తల్లి వెంట తిరుగుతూ నేర్చుకున్నాం. కుట్టు అలా రాలేదు. ఒకరు తన పని పక్కన పెట్టి మా పక్కన కూర్చుంటేనే వచ్చింది. పెద్దవ్వ అలా పక్కన పెట్టిన జతలు ఏ పుస్తకంలోనూ లేవు.

లెక్కకు రానిది ఇంకొకటీ ఉంది. రెండో జత పంచేటప్పుడు నాలుగో తరగతి పిల్లది ఒక లంగా మిగిలిపోయింది. బడిలో ఆ పిల్ల హాజరు పడకపోతే జ్వరమేమో అనుకున్నాం. "ఈ లంగా పిల్ల ఏమైందే?" అని పెద్దవ్వే అడిగింది. ఆరా తీస్తే, తల్లిదండ్రులు మిరప కోతలకు పోతూ వెంట తీసుకుపోయారని తెలిసింది. మేనమామ చేత కబురు పెట్టించాం. పిల్లను తెచ్చి అమ్మమ్మ దగ్గర దింపి పోయారు.

చివరికి అందరం తలా కొంత తీసి పెద్దవ్వకు ఇద్దామనుకున్నాం. ఆమె ఒప్పుకోలేదు. "ముసలిదాన్నని ఇస్తే నాకొద్దు. గీసినందుకు ఇవ్వండి" అంది. మేము జాలి అనుకున్నది ఆమెకు చిన్నతనంగా తోచింది. ఆమె మాటే సరైనది. ఇప్పుడు కత్తిరింపుకు వేరే కూలి కట్టి, మిగతాది ఎవరి జతలకు వాళ్లు తీసుకుంటున్నాం. కోడలు ఒప్పుకుంది.

నేర్పడానికి మాత్రం ఇంకా ఏమీ కట్టలేదు. మొన్న గూడేనికి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఒకతె అరుగెక్కింది. చొక్కాకు కాలరు ఎక్కించడం చూపిస్తూ ఆ చిన్న కోడలే ఆమె పక్కన కూర్చుంది. రెండుసార్లు ఊడదీసింది. ఆ రాత్రి పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా రెండు జతలే పడ్డాయి. ఆ పక్కన ఇంకేమైనా రాయాలా అని పెన్ను పట్టుకున్నవాళ్లు అడిగారు. ఆమె మాట్లాడలేదు, మేమూ మాట్లాడలేదు. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.