రోజుకు మూర బట్ట

మహాశివరాత్రి నడిరేయి శ్రీశైలం ఆలయంలో దీపాలన్నీ ఆర్పేస్తారు. చీరాల ప్రాంతం నుంచి వచ్చిన దేవాంగ నేతగాడు ఒంటిమీద నూలుపోగైనా లేకుండా, ఆ చీకట్లోనే మల్లన్న గర్భాలయ శిఖరానికీ ముఖమండపం మీది నందులకూ కలిపి పొడవాటి తెల్లటి బట్ట చుడతాడు. దాన్నే పాగాలంకరణ అంటారు. పెళ్ళికొడుకైన శివుడికి అది తలపాగా. అది అయ్యాకే కల్యాణం. ఆ పాగాను ఏడాది పొడవునా రోజుకో మూర చొప్పున నేస్తారు. నేయగల చెయ్యి ఇంకా ఎక్కువే నేస్తుంది. అయినా ఆచారం మూర దగ్గరే ఆపమంటుంది.

2022లో నంద్యాల జిల్లా ఏర్పడేదాకా శ్రీశైలం కర్నూలు జిల్లాలోదే. అదే కర్నూలులో, పక్కనున్న కడపలో ఇప్పుడు బట్టల వ్యాపారం నడిచే వేగం వేరు. టాటాల ట్రెంట్ కంపెనీ 2016లో మొదలుపెట్టిన జూడియో పేరు దేశమంతా మార్మోగుతోంది. 2025 మార్చి నాటికి ఆ దుకాణాలు 765కు చేరాయి. సరుకు చాలావరకు వెయ్యి రూపాయల లోపే. ట్రెంట్ రాబడి 2023-24లో సుమారు 12,400 కోట్ల రూపాయలు, మరుసటి ఏడాది 17 వేల కోట్లు దాటింది. ఇటు పెళ్ళి దుస్తులకు పెట్టింది పేరైన మాన్యవర్ సంస్థ, వేదాంత్ ఫ్యాషన్స్, అవే రెండేళ్ళలో సుమారు 1,368 కోట్ల నుంచి 1,386 కోట్లకు జరిగింది. ఒకటి వందకు ముప్పై ఎనిమిది చొప్పున పెరిగితే, రెండోది ఒకటిన్నర కూడా పెరగలేదు.

ఈ అంకెలు చూసి సంప్రదాయం ఓడిపోయిందని కొందరు దిగులుపడతారు, పాత బరువు దిగిందని కొందరు సంబరపడతారు. అసలు అడగాల్సింది వేరే ఉంది. అమ్మకం పెరగడం బట్ట మంచిచెడ్డలను తేలుస్తుందా? తిండికీ, మాటకూ, సంపాదనకూ ధర్మాధర్మాలు చెప్పుకున్నట్టు కట్టే బట్టకు కూడా ఒక ధర్మం ఉందా?

నేతకులాల పురాణాలు ఉందనే అంటాయి. విష్ణువు నాభికమలం తంతువులు తెచ్చి దేవతలకూ మనుషులకూ బట్ట నేసి ఇచ్చింది దేవల మహర్షి అని దేవాంగుల కథ. ఆయనకు రాక్షసులు అడ్డుపడితే చౌడేశ్వరి అండగా నిలిచింది. బనగానపల్లె దగ్గరి నందవరంలో ఉన్న చౌడేశ్వరికి దేవాంగులూ, తొగటలూ మొక్కుతారు. పద్మశాలీలు తామరతూళ్ళ నుంచి బట్ట తీసిన భావనారుషిని తలుచుకుంటారు. ఈ కథల్లో బట్టకు వెల లేదు. అది మానం కాపాడటానికి వచ్చిన వరం, నేత దానికి చేసే సేవ. కడప జిల్లాలో పోతులూరి వీరబ్రహ్మం ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటి బిడ్డ. పత్తి ఏకే కులంలో పుట్టిన ముస్లిం, విశ్వబ్రాహ్మణ గురువు దగ్గర జ్ఞాని అయ్యాడు. ఈ నేలలో భక్తికీ పత్తికీ మధ్య దూరం ఎప్పుడూ తక్కువే.

బట్ట మనిషికీ దైవానికీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధనకు తిరుమల నుంచి శ్రీవారి శేషవస్త్రం వస్తుంది. కడప అమీన్ పీర్ దర్గాలో మొక్కు తీరినవాళ్ళు చాదర్ కప్పుతారు. కొత్త చీర మూలకు పసుపు పెట్టి, దేవుడి ముందుంచి, ఆ తర్వాతే కట్టుకోవడం ఇంటింటి అలవాటు. చీర పాతబడితే పసిబిడ్డకు పొత్తిగుడ్డ, ఆ పైన ఉయ్యాల, చివరికి బొంత. గంగిరెద్దు వీపు మీదా ఇంట్లోని పాత చీరే. పురిటిబిడ్డకు మొదట చుట్టేది కొత్త బట్ట కాదు, పదిసార్లు ఉతికి మెత్తబడ్డ పాత బట్టే.

ఆత్మ శరీరాన్ని వదలడాన్ని, మనిషి చినిగిన బట్టను మార్చడంతో గీత పోల్చింది. ఆ పోలికను వైరాగ్యానికి అందరూ వాడుకుంటారు. అందులో దాగిన లోకం తీరును పట్టించుకునేవాళ్ళు తక్కువ. మనిషి బట్టను అది పనికిరాకుండా పోయాకే మారుస్తాడని ఆ మాట చెప్పినవాడూ విన్నవాడూ ఇద్దరూ అనుకున్నారు. నేటి ఫ్యాషన్ వ్యాపారం నిలబడిందే ఆ అనుకోలును తిరగేసి. చొక్కా చినిగేదాకా ఆగితే దాని లెక్క తప్పుతుంది. గుడ్డ గట్టిగానే ఉండగా కళ్ళకు పాతబడాలి. అందుకే దుకాణంలో సరుకు వారాల లెక్కన మారుతుంది. అవసరం తీరగానే ఆగేది కొనుగోలు, తీరినా ఆగనిది తృష్ణ. బుద్ధుడు మొదలు వేమన దాకా అందరూ మందు వెతికింది ఈ రెండోదానికే.

ఇక్కడితో ఆగితే తీర్పు సులువు. కానీ కర్నూలు, కడప జిల్లాల చరిత్ర అంత సులువుగా వదలదు.

1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీ చొక్కా, టోపీ వదిలి కొల్లాయి కట్టారు. ఆ నెల ముగిసేలోపే కడప, కర్నూలు జనం ఆయన్ను ఆ వేషంలో చూశారు. ఖద్దరు కొనే తాహతు మాకు లేదని పేదలు చెప్పిన మాట ఆయన్ను అక్కడికి చేర్చింది. అంటే నూరేళ్ళ కిందట కూడా పేచీ ధర దగ్గరే. చేతి బట్ట ప్రియం, మిల్లు బట్ట చౌక. గాంధీ చెప్పిన దారి తక్కువ బట్టతో సర్దుకోవడం. ఆ దారి నడవడానికి మహాత్ముడు కావాలి, లేదా నిండుగా బట్ట కట్టుకుని తర్వాత వదులుకునే అవకాశమైనా ఉండాలి. కట్టుకోవడానికే లేనివాడికి త్యాగం చెయ్యడానికి ఏముంటుంది?

అదే గాంధీతో వాదానికి దిగిన అంబేడ్కర్ సూటు తొడిగారు. కర్నూలు, కడప పల్లెల కూడళ్ళలో ఆయన విగ్రహం నీలం సూటులోనే నిలబడి ఉంటుంది. ఎవరు ఏ బట్ట కట్టాలో, ఎక్కడిదాకా కట్టాలో కులం శాసించిన దేశంలో ఆ సూటు గొప్ప కోసం వేసుకున్నది కాదు, అడ్డుగోడ పడగొట్టడానికి వేసుకున్నది. రెడీమేడ్ ప్యాంటు కూడా చిన్న ఎత్తున అదే పని చేసింది. కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి ఏటా సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాలు గుంటూరు మిరప చేలల్లో కూలి చేసి పండక్కి ఊరికి వస్తాయి. పిల్లవాడికి మూడు వందల్లో కొత్త చొక్కా దొరికితే, వాడు బడిలో ఎవరి పక్కనైనా కూర్చోగలడు. చొక్కాను చూసి కులం చెప్పడం కష్టం. పంచెకట్టు, చీరకట్టు తీరు చూసి చెప్పడం ఒకప్పుడు తేలిక. సంప్రదాయాన్ని మెచ్చుకునేవాళ్ళు ఈ నిజాన్ని పక్కన పెట్టి మాట్లాడితే ఆ మెప్పు పట్టుబట్టలవాళ్ళ మెప్పుగానే మిగులుతుంది.

సంప్రదాయ వస్త్రం నేసేవాడికైనా న్యాయం జరిగిందా అంటే అదీ లేదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేతకారుల సహకార సంఘం పెట్టారు. 1954లో పద్మశ్రీ అందుకున్నారు. షావుకారు ఇచ్చిన నూలు నేసి మజూరీ తీసుకునే మనిషి, సంఘంలో వాటాదారుగా తలెత్తుకోవాలన్నది ఆ ప్రయత్నం. దుప్పట్లకూ తువ్వాళ్ళకూ ఎమ్మిగనూరు పేరు మోగింది. ఆ తర్వాత సహకార సంఘాలు నీరసించాయి, మరమగ్గం చేనేత డిజైన్లను సగం ధరకు దింపింది. కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ 1985లో వచ్చిన చేనేత రిజర్వేషన్ చట్టం 22 రకాలతో మొదలై 11కు కుదించుకుపోయింది. దేశంలో చేనేత పనివాళ్ళు 2009-10 గణనలో 43.31 లక్షల మంది, 2019-20 నాటికి 35.22 లక్షలు. ఆ రెండో గణన లెక్కన మూడింట రెండొంతుల నేత కుటుంబాల నెల రాబడి 5,000 రూపాయల లోపే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో నేతన్న నేస్తం పేరిట మగ్గమున్న కుటుంబానికి ఏటా 24,000 ఇవ్వాల్సి వచ్చిందంటే, బట్ట ధరలో నేతగాడి వంతు ఏ మూలకూ చాలడం లేదని సర్కారే ఒప్పుకున్నట్టు.

ఇక సంప్రదాయ బ్రాండుకూ నగర ఫ్యాషన్‌కూ మధ్య గోడ ఉందనుకోవడం కూడా సగం భ్రమే. హైదరాబాదులో 2005లో మొదలై 2023లో షేర్ మార్కెట్‌కు వెళ్ళిన సాయి సిల్క్స్ కళామందిర్‌నే చూడండి. వరమహాలక్ష్మి పేరుతో కంచి పట్టు అమ్మే సంస్థే కేఎల్ఎమ్ ఫ్యాషన్ మాల్ పేరుతో చౌక ఫ్యాషన్ బట్టలూ అమ్ముతుంది. లూయీ ఫిలిప్, అలెన్ సోలీ చొక్కాలతో ఎదిగిన ఆదిత్య బిర్లా ఫ్యాషన్ 2021లో సవ్యసాచి సంస్థలో 51 శాతం వాటా కొని పెళ్ళి లెహంగాల వ్యాపారంలో దిగింది. అదే ఏడాది డిసెంబరులో ఆ కంపెనీ కుట్టు పరిశ్రమకు పులివెందులలో శంకుస్థాపన జరిగింది. ప్రకటించిన పెట్టుబడి 110 కోట్లు. నగరం తొడిగే చొక్కాను కడప జిల్లాలోనే కుట్టించే ఏర్పాటు అన్నమాట. ఇప్పుడు ఏది ఊరిది, ఏది నగరానిది? మగ్గం గుంతలో కూర్చున్నవాడైనా, కుట్టుమిషను వరుసలో కూర్చున్నామెనైనా అడగవలసింది ఒకటే: ఈ ధరలో నీకు ఎంత వచ్చింది? 2013 ఏప్రిల్‌లో ఢాకా శివారులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయినప్పుడు లోకానికి ఈ ప్రశ్న గుర్తొచ్చింది, తర్వాత మళ్ళీ మరుపున పడింది.

కాబట్టి జీన్సు అధర్మం, చీర ధర్మం అన్న పంచాయితీకి అర్థం లేదు. పూజకు కట్టిన పట్టుచీర వెనక పస్తులుంటే ఆ మడి అక్కడే మైలపడింది. మూడు వందల చొక్కాను మూడేళ్ళు తొడిగి, తర్వాత తమ్ముడికి ఇచ్చిన కూలివాడి ఇంట్లో దుబారా లేదు. దుబారా ఉన్నది బీరువా నిండి తలుపు పడనివాళ్ళ ఇళ్ళలో. అందులో జూడియో సంచులూ ఉంటాయి, ఒక్క పెళ్ళికి కట్టి మడత పెట్టేసిన పట్టుచీరలూ ఉంటాయి. బట్ట ధర్మాన్ని చూడటానికి రెండు లెక్కలు చాలు. అది ఎన్నాళ్ళు ఒంటి మీద ఉంది, చేసినవాడికి ఎంత చేరింది. ఏ కంపెనీ వార్షిక నివేదికలోనూ ఈ రెండు గడులు లేవు.

గుళ్ళైనా ఈ లెక్క మొదలుపెట్టవచ్చు. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణానికి ప్రభుత్వం ఏటా పట్టువస్త్రాలు సమర్పిస్తుంది. ఆ గుడికి దగ్గర్లోనే సిద్దవటం మండలం మాధవరంలో మగ్గాలున్నాయి. ఒంటిమిట్ట, మంత్రాలయం, శ్రీశైలం, దేవుని కడప వంటి క్షేత్రాలు స్వామికి కట్టే బట్ట, భక్తులకిచ్చే శేషవస్త్రం, సిబ్బంది యూనిఫాం ఈ రెండు జిల్లాల మగ్గాల నుంచే నేరుగా కొనాలి. కొన్న ధరలో నేతగాడి మజూరీ ఎంతో గుడి గోడ మీద రాసి పెట్టాలి. దేవుడి బట్ట దగ్గర అది చూసిన భక్తుడు, దుకాణంలో తన బట్ట దగ్గర కూడా ఆ లెక్క అడగడం నేర్చుకుంటాడు. ఈ గుళ్ళను నడిపేవాళ్ళు తలుచుకుంటే వచ్చే శ్రీరామనవమికే ఈ పని మొదలవుతుంది.